చెవులు లేని బస్తాలు

నా చిన్నప్పుడు నిజామాబాద్‌లో మా వాడకు బొంబాయి పక్క వీధి లాంటిది. మా పసుపు, బోధన్ చక్కెర గూడ్సు బండెక్కి మన్మాడ్ మీదుగా అక్కడికే పోయేవి. అక్కడ ఓడలెక్కి ఏ దేశాలు చేరేవో మాకు తెలియదు. తిరుగు బండిలో గుడ్డలు, యంత్రాల సామాను వచ్చేవి. మా బాపు కూడా అక్కడే గోదీలో, అంటే ఓడల రేవులో, బస్తాలు మోసేవాడు. ఏడాదికోసారి ఇంటికి వచ్చేవాడు.

పక్కింటి ఖాలమ్మ గంజ్‌లో, అంటే సరుకుల మార్కెట్టులో, పసుపు బస్తాల మూతులు కుట్టేది. నాకు పదేళ్ళప్పుడు దబ్బనం చేతికిచ్చి నేర్పింది. రెండు మూలల్లో గోనెను పిడికెడంత ముడిచి సుతిలి తాడుతో బిగించాలి. వాటిని చెవులంటారు. బస్తా ఎత్తేవాడి చేతికి దొరికేది అవే. "చెవులు లేకుంటె బస్తా జారుతది బిడ్డా. గక్కడ మోసేటోడు మీ బాపు అసొంటోడే" అని రోజూ చెప్పేది. నేను ఊఁ కొట్టేదాన్ని.

ఒకరోజు ఊళ్ళోకి సర్కసు వచ్చింది. ఇంకేముంది, నా మనసు కుట్టు మీద నిలవలేదు. చివరి పది బస్తాలకు చెవులు పెట్టకుండా తిన్నగా కుట్టేసి పరుగెత్తాను. ఏనుగును చూశాను. సిగ్గులేని కళ్ళు నావి, ఆ ఏనుగు ఇప్పటికీ గుర్తుంది.

కొన్నాళ్ళకు బాపుతో పనిచేసే ఆయన బొంబాయి నుంచి వచ్చాడు. ఓడలోకి చెక్క మీద నడుస్తుంటే బస్తా జారిందట, దానితోపాటు బాపు పడిపోయాడట. దహనం కూడా అక్కడే చేసేశారట. అమ్మ నేలమీద పడి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఏ బస్తా అని అడగాలనుకున్నాను, నోరు రాలేదు. అన్నం పెడితే నోట్లో పెట్టుకుని అలాగే కూర్చునేదాన్ని. పొయ్యి దగ్గర చెయ్యి కాలినా తెలియలేదు.

నాలుగోనాడు ఖాలమ్మ వచ్చి నా ముందు కూర్చుంది. ఆమె దగ్గర నోరు పెగిలింది.

"పది బస్తాలకు చెవులు పెట్టలే ఖాలమ్మా. బాపును నేనే సంపిన."

ఆమె రెప్ప కూడా వేయలేదు. "అరె దీవానీ! నువ్వు ఉరికినంక నేను గంజ్‌కొచ్చి సూసిన. అన్ని ఇప్పి, చెవులు పెట్టి, మల్ల కుట్టిన. గది నా చేతి మాల్. ఏమన్న ఉంటె నా మీదుంటది, నీకేంది? తిను."

ముద్ద కలిపి నోట్లో పెట్టింది. మింగాను. ఆ రోజూ ఏడవలేదు. లోపలంతా మొద్దుబారే ఉంది, కానీ అన్నం దిగింది.

ఆ సర్కసు రోజు ఖాలమ్మ గంజ్‌కు రానేలేదు. జ్వరంతో మంచం మీద ఉంది, పొద్దున ఆమెకు గంజి తాగించి పోయింది నేనే. అది నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు. ఆమె పోయేదాకా ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఎవరైనా తప్పు చేసి నా ముందుకొచ్చి నిలబడితే ఏం జరిగిందని అడగడం నాకు చేతకాదు. అన్నం తిన్నావా అని అడుగుతాను.