కారు కనపడని దారి

నిన్న ఆదివారం. పొద్దున్న ఐదున్నరకి నెహ్రూ నగర్‌లో మెయిన్ రోడ్డు పక్కన సైకిల్ పట్టుకుని నిల్చున్నాను.

అవతలి వైపు నుంచి దేవదానం అన్న రావాలి. నాలుగేళ్ళలో ఏ ఆదివారమూ ఆయన లేటు కాలేదు.

ఆరయింది. ఫోన్ చేద్దామని తీసేలోపు వాళ్ళమ్మాయే చేసింది.

"బాబాయ్, నాన్న లేవట్లేదు. డాక్టర్ వచ్చి చూశారు. నిద్రలోనే చలే గయే, పోయారు అంటున్నారు."

"సరే అమ్మా" అన్నాను.

ఫోన్ పెట్టేశాక కూడా అవతలి వైపే చూస్తున్నాను. వస్తాడేమోనని.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అన్న స్టీల్ ప్లాంట్‌లో ఖలాసీగా చేసి రిటైరయ్యాడు. కింద నిలబడి, పైనున్న క్రేన్ ఆపరేటర్‌కి చేతులతో సైగ చెయ్యడం ఆయన పని. ఎత్తు, దించు, ఆపు. ఆ చప్పుడులో నోటిమాట వినపడదు. ఇంట్లో టీ కావాలన్నా చేత్తోనే చెబుతాడని వదిన విసుక్కునేది.

నేను మోటార్లు వైండింగ్ చేసుకునేవాణ్ణి. ఐదేళ్ళ కింద కుమ్హారి ఊరి దగ్గర సైకిల్ మీద వస్తుంటే వెనక నుంచి కారు గుద్దింది. కాల్లో రాడ్ వేశారు. నడవడం వచ్చింది కానీ, హారన్ వినపడితే చేతులు చల్లబడిపోయేవి. సైకిల్ని గోడకి ఆనించి దుప్పటి కప్పేశాను.

ఒకరోజు అన్న వచ్చి ఆ దుప్పటి తీసి, టైర్లకి గాలి కొట్టాడు.

"ఒక్క కారు అగుపడకుండా నిన్ను కొండలదాకా తీసుకెళ్తాను. వొస్తావేటి?"

"అలాంటి దారి ఎక్కడుందన్నా?"

"ఎతుకుతాను. రిటైరైపోనాను, నాకేటి పని?"

నిజంగానే వెతికాడు.

కాలువ గట్లు. పొలాల మధ్య బండి బాటలు. దల్లీ వైపు అడవిలో ఇప్పపువ్వు ఏరుకునేవాళ్ళు నడిచే దారులు. ముందు ఒక్కడే వెళ్ళి చూసుకొచ్చి, తర్వాతి ఆదివారం నన్ను తీసుకెళ్ళేవాడు. ఆయన టెస్ట్ ఒక్కటే. సైకిల్ తొక్కుతుంటే రెండు మోచేతులకీ ఆకులు తగలాలి. అలాంటి చోట కారు పట్టదు.

నాకు రోజూ లెక్క రాసే అలవాటు. ఆదివారాలకి నోట్‌బుక్‌లో రెండు గళ్ళు గీశాను. కిలోమీటర్లు, కార్లు. మెయిన్ రోడ్డు దాటాక లెక్క మొదలు. కార్ల గడిలో సున్నా ఉంటే అన్న పక్కన సంతకం పెట్టేవాడు, ఇన్‌స్పెక్షన్ అయినట్టు.

ఒకసారి రెండు రోజుల టూర్ వెళ్ళాం. అడవి మధ్యలో, ఇసుక వాగులో, తెల్ల కారు. పూలదండలతో సహా. పెళ్ళికొడుకు లోపలే ఉన్నాడు. డ్రైవర్ ఫోన్‌లో మ్యాప్ నమ్ముకుని వచ్చి ఇరుక్కుపోయాడు.

నేను అక్కడే ఆగిపోయాను.

అన్న వెళ్ళి డ్రైవర్ ముందు నిలబడి, కొంచెం ఎడమ, కొంచెం వెనక్కి అని చేతులతో మొదలుపెట్టాడు. కారు కదల్లేదు. నన్ను పిలిచాడు.

"ఏటలా సూస్తావు? ఇరుక్కుపోనాక అది కారేటి, రేకు డబ్బా. వొచ్చి తొయ్యి."

తోశాను. ఆ యాక్సిడెంట్ తర్వాత కారు మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు.

సాయంత్రం నోట్‌బుక్‌లో కార్లు ఒకటి అని రాశాను. అన్న ఒప్పుకోలేదు.

"మనం తోసినది లెక్కకి రాదు. కొట్టీ."

కొట్టేసి సున్నా పెట్టాను. సంతకం పెట్టాడు.

ఇంత చేసినా, మెయిన్ రోడ్డు మాత్రం తప్పించలేకపోయాడు. మా ఇల్లు ఇటు, ఆయన క్వార్టరు అటు. అందుకని ప్రతి ఆదివారం ఆయనే ఇటు వచ్చి నన్ను దాటించేవాడు. రోడ్డంచున నిలబడి చెయ్యి పక్కకి చాచి, అరచెయ్యి కిందికి పెట్టేవాడు. క్రేన్ దగ్గర 'ఆపు' అన్నట్టు. లారీలు ఆగేవి.

నువ్వేమన్నా పోలీసువా, నీ మాట ఎందుకు వింటారు అని అడిగాను ఒకసారి.

"ఎత్తమనీ దించమనీ ఒక్కడే సెప్పాల. ఆపమని మాత్రం ఎవుడైనా సెప్పొచ్చు, టీ తెచ్చినోడైనా సరే. ఆపరేటర్ ఆపాల్సిందే. అది రూలు. నువ్వూ సెప్పొచ్చు. ఏదీ, సెయ్యి సాపు."

"వచ్చే ఆదివారం అన్నా."

నాలుగేళ్ళు అదే మాట చెప్పాను.

నిన్న ఆటోలు రెండు నా పక్కనే ఆగి, వస్తారా అని అడిగి వెళ్ళిపోయాయి. ఎక్కలేదు.

చెయ్యి చాపాను. మొదటి లారీ ఆగలేదు. చెయ్యి దించలేదు. తర్వాత వచ్చిన ట్రక్కు నెమ్మదించి ఆగింది. దాని పక్కన ఒక కారు, వెనక ఇంకోటి. సైకిల్ నడిపించుకుంటూ వాటి ముందు నుంచి వెళ్ళాను.

అన్నని హాల్లో పడుకోబెట్టారు. చేతులు రెండూ గుండె మీద పెట్టారు. ఆ చేతులు అంతసేపు కదలకుండా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు.

వదిన తలెత్తింది. అప్పటిదాకా ఆమె ఏడవలేదని తర్వాత చెప్పారు.

"ఎలాగొచ్చినావయ్యా? ఎవరు దాటించినారు?"

"నేనే వదినా. సైకిల్ మీద."

ఆమె అన్న వైపు తిరిగింది.

"ఇన్నారా? మీ తమ్ముడు ఒక్కడే రోడ్డు దాటుకుని వొచ్చీసినాడు."

అప్పుడు ఏడ్చింది.

ఇంటికొచ్చి నోట్‌బుక్ తీశాను. కార్ల గడిలో 'లెక్కపెట్టలేదు' అని రాశాను. పక్కన సంతకం చోటు అలాగే వదిలేశాను.

ఈ రోజు మూడు గంటలకి చర్చిలో ప్రార్థన, తర్వాత సమాధుల తోటకి. ఆయన్ని ఎరిగినవాళ్ళు రండి. నేను సైకిల్ మీదే వస్తాను.

వెళ్ళిరా అన్నా. నువ్వు వెళ్ళే దారిలో ఏ హారనూ వినపడకూడదు. రెండు మోచేతులకీ ఆకులు తగులుతూ ఉండాలి.