జామకాయ నీరు కాదన్న నా తీర్పు

ఈ సంగతిని రాసిపెట్టవలసిన అగత్యం నాకు మొన్న ఒక పెళ్లి భోజనాల పంక్తిలో తెలిసివచ్చింది. నా కుడిపక్కన కూర్చున్నాయన, నా బాల్యమిత్రుడు నేల లోపలి నీళ్లను కళ్లతో చూసేవాడని, అతని కాలు పడితే బండలోంచి ఊట పుట్టేదని చెబుతున్నాడు. ఎదుటి పంక్తిలోని మరొకాయన, అదంతా తాతామనవళ్లు కలిసి ఆడిన నాటకమని కొట్టిపారేస్తున్నాడు. అన్నం చల్లారేదాకా వాదించుకున్న ఆ ఇద్దరిలో ఏ ఒక్కరూ ఆనాడు ఆ చేనులో లేరు. నేను ఉన్నాను. నాతో ఉన్నవారెవరూ ఇప్పుడు లేరు. మిత్రుడు కూడా నిరుడు వెళ్లిపోయాడు. కనుక జరిగినది జరిగిన వరుసలోనే రాస్తాను. నా తప్పు ఎక్కడ ఉన్నదో అక్కడ దానినీ రాస్తాను.

డెబ్బయ్యవ దశకం నడుమ, జహీరాబాదులో మేమిద్దరం తొమ్మిదో తరగతి చదువుతున్నాము. మా ఇల్లు బొంబాయి రోడ్డు పక్కన. అతనిది ఝరాసంగం వైపు ఒక మెట్ట పల్లె. చదువు కోసం స్టేషను వెనుక బంధువుల ఇంట్లో ఉండేవాడు. నాకు ప్రతి వస్తువునూ వరుసలో పెట్టే అలవాటు, ప్రతి విషయాన్నీ నోటుబుక్కులో ఎక్కించే అలవాటు ఉండేవి. అందుకని అతడు నన్ను పేరుతో పిలవక ‘పంతులూ’ అని పిలిచేవాడు.

అతని తాత నీళ్లు చూసేవాడు. బావి తవ్వదలచినవారు రాయికోడ్ నుంచి, కోహీర్ నుంచి కూడా బండి కట్టుకొని వచ్చి ఆయనను తీసుకుపోయేవారు. ఆ ఇంటి పద్ధతులు మూడు. నీళ్లు చూసే మనిషి నిద్ర లేచింది మొదలు చోటు చూపేదాకా చుక్క నీరు తాగకూడదు. చెప్పులు వేసుకోకూడదు. ప్రతిఫలంగా ఏమీ పుచ్చుకోకూడదు. బావిలో నీరు పడిన రోజు, ఆ తొలి నీటిని చేను యజమాని చేతి చెంబుతో అందరికంటే ముందు నీళ్లు చూసిన మనిషే తాగాలి, అంతే. ఎండిన నోటితో చేనంతా తిరుగుతుండగా ఏ చోట నోరు దానంతటదే ఊరుతుందో, ఆ చోట నేల కింద నీరు ఉన్నట్టు. ఈ విద్య తాత నుంచి కొడుకుకు రాదు, మనవడికి వస్తుందని ఊరి నమ్మకం. మిత్రుని తండ్రికి అది లేదు. కనుక అందరి కళ్లూ మిత్రుని మీదే ఉండేవి.

అతడు మాత్రం నాకు రహస్యంగా వేరే మాట చెప్పాడు.

“నాకు రాలే పంతులూ. ఎన్నిసార్లు చూసిన. ఏ చేన్ల నడిచినా నోరు గడ్డపార లెక్కనే ఉంటది.”

“పరీక్ష చేయనిదే రాలేదని ఎట్లా అంటావు?” అన్నాను.

మా బడి వెనుక ఒకప్పుడు బావి ఉండేదనీ, దానిని పూడ్చి చదును చేశారనీ బడి చప్రాసి చెప్పగా విన్నాను. ఆ చోటు ఆయన నాకు చూపాడు, మిత్రునికి తెలియదు. ఒక ఆదివారం అతనిని పొద్దుటి నుంచి నీళ్లు తాగనీయక, వట్టికాళ్లతో ఆ మైదానంలో తిప్పాను. అతడు ఎక్కడా ఆగలేదు. ఆఖరికి విసిగి ఒకచోట చతికిలబడి, “నీ పరీక్ష పాడుగాను, ఇంటికి పోయి కడవెడు తాగుత” అన్నాడు. నేను నోటుబుక్కులో ‘ఫలితం శూన్యం’ అని రాశాను. అతడు చతికిలబడిన చోటు పూడ్చిన బావికి నాలుగు అడుగుల దూరంలో ఉన్నదన్న సంగతిని గమనించాను గానీ, అది పరీక్షకు సంబంధించినదిగా తోచక రాయలేదు.

మరుసటి ఏడు అతని మేనత్తకు కష్టం వచ్చింది. ఆమె తాతకు ఒక్కతే కూతురు. భర్త పోయాడు. మెట్ట చేను ఒక్కటే ఆధారం. అందులో తాత చూపిన చోటనే రెండుసార్లు బావి తవ్వారు. రెండూ బండ దాకా పోయి ఎండిపోయాయి. ఇంకొక్కసారి తవ్వే శక్తి మాత్రమే ఆమెకు మిగిలింది. మూడోది కూడా ఎండితే చేను వదులుకొని పిల్లలతో చెరుకు కోతలకు వలసపోవడం తప్ప వేరే దారి లేదు. తాత ఊరందరి ముందు, “నాకెళ్లి పోయింది బిడ్డా. మనుమనికి వచ్చుంటది. వాణ్ని పిలిపియ్యి” అన్నాడు.

కబురు అందిన నాడు మిత్రుడు బడికి వచ్చి పుస్తకం తెరవలేదు.

“అత్తమ్మకు ఏమని చెప్పాలె? రాలే అంటే ఏడుస్తది. వచ్చిందంటే మునుగుతది.”

“నేనూ వస్తాను. చేనంతా వరుస తప్పకుండా నడువు. నోరు ఊరకపోతే ఊరలేదనే చెప్పు. అబద్ధం మాత్రం వద్దు” అన్నాను.

శివరాత్రి దాటిన వారం. తెల్లవారుజామునే రెండు సైకిళ్ల మీద బయలుదేరాము. మా అమ్మ నా సంచిలో కోహీరు జామకాయలు నాలుగు, చివరి కాపువి, ఉప్పుకారం పొట్లంతో సహా పెట్టింది. దారిలో అతడు నీళ్లకు అల్లాడాడు. నేను కాపలా కాశాను.

“మజ్జిగ తాగొచ్చునా?”

“మజ్జిగలో నీళ్లు పోస్తారు. కూడదు.”

“చెరుకు?”

“నోట్లో పడగానే రసమవుతుంది. కూడదు.”

“నువ్వు మనిషివేనా? మా తాత గూడ ఇంత కచ్చితంగ ఉండడు. జామకాయ?”

నేను సైకిలు దిగి నిజంగానే ఆలోచించాను. “జామకాయ నమిలేది, తాగేది కాదు. నిషేధం నీటికే. అది నీటి కిందికి రాదు” అని తీర్పు చెప్పాను. అయినా చేనులోకి దిగక ముందు తినడం బాగుండదని ఆపాను.

చేను గట్టున వేపచెట్టు నీడలో తాత, మేనత్త, పక్క చేనువాళ్లు ఇద్దరు కూర్చున్నారు. మిత్రుడు చెప్పులు విడిచి దిగాడు. నేను చెప్పులతోనే, నోటుబుక్కుతో అతని వెనుక నడిచాను. తూర్పు నుంచి పడమరకు, మళ్లీ పడమర నుంచి తూర్పుకు, అరక దున్నినట్టు నడిచాము. పొద్దు నడినెత్తికి ఎక్కింది. ఎర్రమొరం నేల పెనంలా కాలింది. అతని నోరు ఊరలేదు. ఆఖరి మూలన జొన్నచొప్ప కుప్ప ఒకటి ఉన్నది. దాని చాటుకు పోగానే అతడు నేల మీద కూలబడ్డాడు.

“నాతోని గాదు. కండ్లు తిరుగుతున్నయ్. గా జామకాయ ఇయ్యి. నువ్వే తీర్పు చెప్పినవ్ గద.”

ఇచ్చాను. ఉప్పుకారం అద్దుకొని కొరికాడు. ఉదయం నుంచి ఎండిన నోరు. పుల్లని కాయ, కారం. లాలాజలం పెదవుల మీదికి పొంగింది. రెండో కాటు కొరికేలోపే కుప్ప అవతల అడుగుల చప్పుడైంది. అతడు కాయను నా వైపు విసిరి గబాలున నిలబడ్డాడు. నేను దానిని నోటుబుక్కు కింద దాచాను. అది నా మొదటి తప్పు.

మేనత్త వచ్చి అతని ముఖం చూసింది. తడి పెదవులు చూసింది. అతడు గుటక వేయడం చూసింది.

“నాయినా! ఉరుకు! పోరనికి నోరూరింది!”

మిత్రుడు నోరు తెరవబోయాడు. అప్పటికే ఆమె అతని కాళ్ల దగ్గర మోకరిల్లి, అతడు నిలబడ్డ చోట రాయి పాతుతూ ఏడుస్తున్నది. తాత నెమ్మదిగా నడిచి వచ్చి, ఆ చోటును చూశాడు, మనవడిని చూశాడు, నన్నూ నా నోటుబుక్కునూ చూశాడు. మేము జామకాయ మాట ఎత్తలేదు. అది రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది.

తిరుగుదారిలో అతడు సైకిలు ఎక్కలేదు, నడిపించుకుంటూ వచ్చాడు.

“అది జామకాయకు ఊరింది రా.”

“తెలుసు. రేపు పోయి చెబుదాము” అన్నాను. రేపు పరీక్ష ఉన్నది. ఎల్లుండి తవ్వకం మొదలైందని తెలిసింది.

ఆ తరువాత ప్రతి ఆదివారమూ పోయాము. చెప్పాలని పోయేవాళ్లము, అక్కడ మేనత్త స్వయంగా మట్టిగంప నెత్తిన పెట్టుకొని గోతిలోంచి ఎక్కి వస్తుంటే చూసి చెప్పలేకపోయేవాళ్లము. “రా అల్లుడా, ఇంకెంత? పొడిమట్టి ఒడవంగనే నీ చెంబు నీకు” అనేది. మూడు నిలువుల లోతు దాకా పొడి మొరమే. నాలుగో నిలువున బండ తగిలింది. రెండు పాత బావులూ ఎండిపోయింది ఆ లోతులోనే. మిత్రుడు అన్నం మానేశాడు. వచ్చే ఆదివారం నాటికి నీరు పడకపోతే అందరి ముందు చెబుతానని నా చేతిలో చేయి వేశాడు.

ఆ ఆదివారం మేము పోయేసరికి గట్టు మీద జనం. బండను పగలగొట్టినచోట, పక్క పగులులోంచి నీరు మోకాలి లోతు వచ్చి, ఇంకా వస్తున్నది. మేనత్త తలస్నానం చేసి, తొలి నీటిని చెంబులో తెచ్చి మిత్రుని ముందు నిలబడింది.

అతడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “నేను తాగ, అత్తమ్మా.”

నీళ్లు చూసినవాడు తొలి చెంబు కాదంటే ఆ నీరు నిలవదని అక్కడివారి గట్టి నమ్మకం. ఆమె చెంబును గుండెకు హత్తుకున్నది. “ఏమైంది బిడ్డా? బాయిల ఏమన్న దోషమున్నదా? ఒట్టిపోతదా?”

మిత్రుడు తల వంచుకొని ఏడుస్తున్నాడు. తీర్పు చెప్పినవాడిని నేను; కనుక నేనే చెప్పాను. చొప్పకుప్ప చాటున కూర్చోవడం, జామకాయ, ఉప్పుకారం, నేను దానిని దాచడం, మూడు ఆదివారాలు ఊరుకోవడం: వరుసగా అన్నీ చెప్పాను. పక్క చేనాయన, “ఓరి మీ అసాధ్యం గూల! జామకాయకు పుట్టిన బాయా ఇది?” అన్నాడు. మేనత్త నవ్వలేదు. తండ్రి వైపు చూసింది.

తాత నేల మీద కూర్చొని మనవడిని దగ్గరకు పిలిచాడు.

“ఇంత పెద్ద చేన్ల కూసునెతందుకు నీకు గా జాగనే ఎందుకు దొరికింది రా?”

“కాళ్లు కాలినయ్ తాతా. గాడ జర సల్లగ అనిపిచ్చింది.”

“నీకు?” అని నన్ను అడిగాడు.

“నాకు చెప్పులు ఉన్నాయి తాతా.”

“ఈ పంతులుకు చెప్పులున్నయ్, తెలివున్నది. కాళ్లే లేవు” అన్నాడు. ఆ తరువాత కూతురి వైపు తిరిగాడు. “నోరూరుడు చూసెటోళ్ల కోసం బిడ్డా. కాళ్లు చెప్పుడు మా కోసం. మా తాత నాకు చెవుల చెప్పిండు. పొద్దంత దప్పికతోని, చెప్పుల్లేక తిరిగినోడు ఏడ రవ్వంత సల్లదనం ఉంటే ఆడికే వోతడు, పసరం లెక్క. నా కాళ్లకు తిమ్మిరి పట్టి రెండేండ్లాయె. ముల్లు దిగినా తెల్వదు. నోరైతే ఊరింది, రెండుసార్లు. గా నోటిని నమ్మి నిన్ను రెండుసార్లు ముంచిన. చెప్పెతందుకు సిగ్గైంది.”

మేము మూడు ఆదివారాలు దాచాము. ఆయన రెండేళ్లు దాచాడు. మేనత్త తండ్రి కాళ్ల వైపు చూసింది. వంగి ఒక పాదాన్ని చేతితో తడిమింది. ఆ తరువాత లేచి చెంబును మళ్లీ చాచింది. “జామకాయదో, కాళ్లదో, నీళ్లైతే నావి. తాగు అల్లుడా.”

అతడు తాగాడు. సగం తాగి, “పంతులుకూ ఇయ్యి, తీర్పు చెప్పి గొంతు ఎండింది” అని నాకు అందించాడు. పద్ధతి ప్రకారం అది కూడదు. అయినా తాగాను.

ఎనభయ్యవ దశకంలో నేను ఉపాధ్యాయుడినయ్యాను. అతడు బోరు బండి మీద పనికి కుదిరాడు. యంత్రం దించే ముందు అతడు చెప్పులు విడిచి చేనంతా ఒకసారి తిరిగి వచ్చేవాడని తోటివారు చెప్పారు. ఎందుకని అడిగితే, “చెప్పులు మట్టిగొట్టుకపోతయని” అనేవాడు. సెలవుల్లో నేనూ చెప్పులు విడిచి, నీళ్లు మానేసి మెట్ట చేలలో తిరిగి చూశాను. నాకు అరికాళ్లు బొబ్బలెక్కడం తప్ప వేరే ఏమీ తెలియలేదు. బడి మైదానంలోని ఆ నాలుగు అడుగుల దూరం మాత్రం అప్పటి నుంచి నన్ను వదలలేదు.

ఒక్క సందేహం మిగిలిపోయింది. మేము కూర్చున్నచోట చల్లదనం నేలలోంచి వచ్చిందా, చొప్పకుప్ప నీడ వల్ల వచ్చిందా? పొద్దు అప్పటికి కాస్త పడమరకు వాలింది. కుప్ప మాకు పడమట ఉంటే నీడ మా మీద పడి ఉండాలి. తూర్పున ఉంటే పడే వీలు లేదు. నేను ఆనాడు దీనిని రాసుకున్నాను గానీ ఆ పుటను చెదలు తిన్నాయి. తూర్పున అని నా జ్ఞాపకం. కానీ ఆ జ్ఞాపకం నా మిత్రుని పక్షం వహిస్తున్నదేమోనన్న అనుమానం కూడా ఉన్నది. నా నోటుబుక్కులోని తప్పులను దిద్దేవాడు అతడే. ఇప్పుడు ఆ పని చదివేవారి మీద పెడుతున్నాను. బావి ఇంకా ఉన్నది. మేనత్త ఏటా చొప్పను ఆ బావి చోటుకు ఏ దిక్కున వేసేదో ఎరిగినవారు ఆ వైపు పల్లెల్లో ఎవరైనా ఉంటే, దయచేసి తెలియజేయండి. ఆ బావి ఏ కరువులోనైనా ఎండగా చూసినవారు ఉంటే అదీ చెప్పండి. పడమర అని తేలితే పడమర అనే దిద్దుకుంటాను.