మైనంలో ముంచే ముందు

2011. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపో దాటడం లేదు, రైళ్లు ఎక్కడ ఆగిపోతాయో తెలియదు, బొగ్గు గనులు బందై కరెంటు మీద కూడా నమ్మకం లేదు. జనగామ స్టేషన్ రోడ్డులో నాది యాంప్లిఫయర్లు, మైకులు, గిటార్లు బాగుచేసే దుకాణం. అందరి షట్టర్లూ కిందికి దిగి ఉంటే నాది సగం ఎత్తి ఉండేది. సభల సామాను బాగుచేసే దుకాణమని ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఊరికో ధూంధాం పాటల సభ, ధూంధాంకో పాడైన మైకు. ఉద్యమానికి గొంతునిచ్చింది పాటగాళ్లయితే, ఆ గొంతుకు తీగలు అతికించింది నాలాంటివాళ్లమే. ఈ మాట ఇంట్లో అంటే మా ఆవిడ "చాల్తీయ్" అంటుంది. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

నాకు చిరాకు ఎక్కువ. సామాను తెచ్చినవాళ్లు పక్కన నిలబడితే నా చెయ్యి ఆడదు. "పోయి చాయ్ తాగి రాండ్రి" అని అందరినీ బయటికి తోలేస్తాను. ఒకరోజు పొద్దున గార్ల నుంచి ఆటోలు మారుతూ వచ్చిన, సభల్లో పాటలు పాడే సరోజన మాత్రం పోలేదు. చెద్దర్లో చుట్టిన బేస్ గిటారును చంటిపిల్లను దించినట్టు బల్లమీద దించి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"అన్నా, గిది ఒక్కతీరుగ మొత్తుకుంటది. మొన్న మానుకోట సభల గిది కూసిన కూతకు మా పాట ఎవ్వలికీ ఇనవడలె. గుంజి పక్కన పెట్టిన్రు. ఇయ్యాల పొద్దుమీకి మీ జనగామల పాడాలె. మల్ల గట్లనే కూస్తే స్టేజి ఎక్కనియ్యమన్నరు."

"ఎవరు వాయిస్తరు చెల్లె?"

"మా మరిది. గిటార్ మా ఆయనది. యాకయ్య. పోయినేడు గుండె ఆగి పోయిండు." చెద్దరు మడత పెట్టుకుంటూ అంది, "పెండ్లిళ్లల్ల, భూపాలపల్లి కాలనీల గణపతి మండపాల కాడ ఇద్దరం కలిసి తిరిగినం. తెలంగాణ సభల ఒక్కసారన్న నా బేస్ మోగాలె అంటుండె. ఆ ఒక్కటి మిగిలిపోయింది."

కరెంటు వచ్చేదాకా ఆగి స్పీకరుకు కలిపాను. ఇన్వర్టర్ మీద పరీక్షించకూడదు, దాని మోతా ఇందులో కలుస్తుంది. ఈ గిటారుకు ఉన్నవి రెండు రోగాలు. ఒకటి హమ్, అంటే తుమ్మెద తిరిగినట్టు వినిపించే కరెంటు మోత. రెండోది వాల్యూమ్ పెంచగానే లేచే ఈల. రెండూ పికప్‌ నుంచే. పికప్ అంటే తీగల కింద ఉండే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ చుట్ట. ఇనుప తీగ ఊగితే ఆ ఊపును అది కరెంటుగా మారుస్తుంది. పాతకాలపు పికప్‌లో చుట్ట ఒక్కటే ఉంటుంది కాబట్టి పక్కనున్న ట్యూబులైటు మోత కూడా పట్టుకుంటుంది.

మరలు విప్పి చూస్తే లోపల గుంట నిండా సిగరెట్ డబ్బాల వెండి కాగితం, బంకతో నీటుగా అతికించి ఉంది. షీల్డింగ్ అంటారు దీన్ని, బయటి మోత లోపలికి రాకుండా కట్టే గోడ. యాకయ్య ఎక్కడో విని చేసి ఉంటాడు. అయితే ఆ గోడను గ్రౌండ్, అంటే ఎర్తు తీగకు కలపాలన్న సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. కలపకపోతే ఆ కాగితం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

"సిగరెట్లు బాగ తాగుతుండెనా?" అన్నాను.

"ఒక్కటి ముట్టడు. పాన్ డబ్బాల కాడ ఏరుకొస్తుండె. గీ కాగితాల పిచ్చేందని తిట్టిన."

వేరేవాళ్లదైతే గీకి పారేసేవాణ్ని. ఆ కాగితం పీకబుద్ధి కాలేదు. పాత ట్రాన్స్‌ఫార్మర్లోంచి తీసిన పలచని రాగిరేకును దానిమీదే పరిచి, గ్రౌండ్ తీగ అతికించాను. తుమ్మెద మోత చాలావరకు పోయింది.

ఇక ఈల సంగతి. నేను పికప్ దగ్గరికి వంగి "హలో, హలో" అన్నాను. స్పీకర్లోంచి సన్నగా, రేకుడబ్బాలోంచి వచ్చినట్టు "హలో, హలో" అని వచ్చింది. మంచి పికప్ మన మాట వినకూడదు, తీగల మాటే వినాలి. చుట్టలోని పాత మైనం ఎండిపోయి తీగలు వదులైతే, ఏ చప్పుడుకైనా అవే ఊగుతాయి, స్పీకరు చప్పుడుకూ ఊగి ఈల లేపుతాయి. అట్లాంటిదాన్ని మైక్రోఫోనిక్ అంటాం. మందు ఒక్కటే. కరిగించిన మైనంలో పికప్‌ను ముంచితే వదులు తీగలు బిగుసుకుంటాయి.

ఈ పాఠమంతా ఆమెకు చెబుదామని తలెత్తాను. ఆమె స్పీకరు వైపు చూస్తూ ఏడుస్తోంది.

"ఆయన గట్లనే మాట్లాడేటోడు అన్నా. పాటకు పాటకు నడుమ గిటార్ మీదికి వంగి 'సరోజా, జర నీళ్లు తాగు, గొంతు పైలం' అంటుండె. గీ గొంతుతోనే వస్తుండె. ముందల కూసున్నోళ్లు నవ్వేది. నాకు ఇజ్జత్ పోయినట్టయితుండె. ఇంటికి పోయినంక లొల్లి పెట్టుకునేది. స్టేజి మీద ఆయన మాటకు నేను ఒక్కనాడు మారు పలకలె."

"రికార్డు ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు. పాటలు నావే ఉన్నయి. ఆయన మాట ఒక్కటి లేదు."

స్క్రూడ్రైవర్ బల్లమీద పెట్టాను. మైనంలో ముంచితే ఇది ఇక ఏ మాటా వినదని చెప్పాను. "హైదరాబాదులో కొత్త పికప్ దొరుకుతది. ఇయ్యాల్టికి కాకున్నా, రైళ్లు నడిచినంక తెప్పిస్త. గిది తీసి దాచుకో."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "దాచుకొని ఏం చేస్తనన్నా, పిలిచేటోడే లేకపాయె. ఇది తీసేస్తే ఆయన బేస్ ఎట్లయితది? పొద్దుమీకి గిదే మోగాలె. ముంచు."

గిన్నెలో నీళ్లు కాగుతున్నాయి. అందులో ఇంకో గిన్నె పెట్టి కొవ్వొత్తి మైనం, కొంచెం తేనెమైనం వేశాను. నేరుగా పొయ్యి మీద పెడితే వేడెక్కువై పికప్ వంకర పోతుంది. మైనం కరిగింది. పికప్ తీగలు విప్పబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారి నేను మాట్లాడత."

నేను స్పీకరు ఆన్ చేసి, "చాయ్ తాగొస్త" అని బయటికి వచ్చాను. రోడ్డు మీద ఏ హోటలూ తెరిచి లేదు. షట్టరు పక్కన నిలబడ్డాను. లోపలి నుంచి ఆ రేకుడబ్బా గొంతు వినిపించింది.

"నీళ్లు తాగిన. నువ్వు పైలం."

అంతే. ఆమె పిలిస్తే లోపలికి వెళ్లాను. పికప్‌ను మైనంలో దించగానే లోపలి గాలి బుడగలుగా పైకి రావడం మొదలైంది. బుడగలు ఆగితే పని అయినట్టు. అవి ఆగేదాకా ఆమె గిన్నె మీదినుంచి చూపు తిప్పలేదు. అన్నీ బిగించాక నేను వంగి "హలో" అన్నాను. స్పీకరు పలకలేదు. నా పని ఇంత బాగా కుదిరినందుకు నేను బాధపడింది ఆ ఒక్కసారే.

సాయంత్రం సభకు నేనూ వెళ్లాను. జనరేటరు మోత, ట్యూబులైట్లు, వేలమంది నినాదాలు. అన్నింటి మధ్య బేస్ శుభ్రంగా, ఛాతీకి తగిలేట్టు మోగింది. మొదటి పాట అయిపోయింది. చప్పట్ల నడుమ సరోజన బేస్ వైపు తిరిగి, ఏదో వినాల్సి ఉన్నట్టు నిలబడింది. మరిది తల వంచుకుని తీగలు సవరించుకుంటున్నాడు. ఆమె తనే వంగి సీసా తీసుకుని నీళ్లు తాగింది. రెండో పాట అందుకుంది.

ఆ తర్వాత ఎన్నో పాత పికప్‌లు నా బల్ల మీదికి వచ్చాయి. ఇప్పుడు మైనం కరిగాక, తెచ్చినవాళ్లను ఒక మాట అడుగుతాను: "దీంతో మాట్లాడేది ఏమన్న ఉన్నదా?" ఈ ముసలాయనకు పిచ్చి లేచిందని చాలామంది నవ్వుతారు. నవ్వనివాళ్లు ఎప్పుడో ఒకరు వస్తారు. వాళ్లను చాయ్‌కి పంపను. స్పీకరు ఆన్ చేసి, నేనే బయటికి పోతాను.