మిద్దె బిగిసేదాకా సాగిన మొసలి కథ

గుడియాత్తం అంకప్ప సున్నంపని మేస్త్రి. వేలూరు కోట అగడ్తలో మొసళ్లుండేవనీ, వాటిలో ఒకటి తన తాతకు సున్నం తట్టలు అందించేదనీ అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ చెప్పేవాడు. "ఆ మొసలికి కూలి ఎవురిచ్చినారో అది గూడా చెప్పు" అని భార్య ధనమ్మ దెప్పేది.

సిమెంటు వచ్చాక సున్నం అడిగేవాళ్లే లేరు. సున్నం నూరే గానుగరాయి మీద కోళ్లు పడుకునేవి. అలాంటిది తొంభై మూడులో, కోట దగ్గరి నవాబుల నాటి సత్రానికి మిద్దె మళ్లీ వేయమని గోపాలస్వామి కబురు పెట్టాడు. సత్రం ఆయన తాతలది. పడగొట్టి టెలిఫోన్ బూత్‌లు, జిరాక్స్ షాపులు కడదామని కొడుకుల పోరు. మిద్దె వానకు కారకపోతే ఉంచుతాననీ, కారితే ఇక వాళ్ల ఇష్టమనీ ఆయన ఖండితంగా చెప్పాడు.

ఏళ్ల కిందట, పెళ్లికి ముందు, ఆ మిద్దె మరమ్మతు జరుగుతున్నప్పుడే అంకప్ప ధనమ్మను దాని మీద మొదటిసారి చూశాడు. అప్పుడు కూలీలందరికీ పాట ఎత్తిచ్చింది ఆవిడే.

కరక్కాయ, బెల్లం నీళ్లతో సున్నం బాగానే కుదిరింది. పరిచాక ఆడవాళ్లు వరుసగా కూర్చుని, అది బిగిసేదాకా రోజుల తరబడి కొయ్యచెక్కలతో ఒకే లయలో కొట్టాలి. లయ తప్పితే పగుళ్లే. కూలికి వచ్చిన ఆడపిల్లలకు పాత పాటలు రావు. కొత్త సినిమా పాట ఎత్తుకుంటే చెక్కలు పరుగెత్తాయి. ధనమ్మ పాడబోయింది కానీ ఉబ్బసం పాడనివ్వలేదు.

అంకప్ప వాళ్లకు ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"నేను కత చెప్తా. మీరు ఊ అనండమ్మా. ఊ అన్నప్పుడే చెక్క పడాల."

ఒక మాట, ఒక ఊ, ఒక దెబ్బ. మొసలి ఆర్కాడు నవాబు పల్లకీ మోసింది. మోర్ధానా కొండల్లో పులితో వియ్యమందింది. పరదరామి సంతలో చింతపండు బేరమాడింది. కథ ఎక్కడ తప్పిపోతుందోనని ఒక్క కూలీ కూడా పని మానలేదు. చివరికి ఒక మూల ఇంకా మెత్తగా ఉండగానే అంకప్ప దగ్గర అబద్ధాలు అయిపోయాయి. చెక్కలు గాల్లోనే ఆగాయి.

ఆయన కథకు జన్మలో ఊ కొట్టని ధనమ్మ, ఆయాసపడుతూనే అందుకుంది.

"ఆ మొసలి ఒకనాడు మిద్దె ఎక్కినాది. ఆడ పాటపాడే పిల్లను చూసినాది."

అందరికంటే ముందు అంకప్పే "ఊ" అన్నాడు. చెక్కలన్నీ ఒక్కసారిగా పడ్డాయి.

ఆ ఏడు దీపావళి వానలకు సత్రంలో చుక్క కారలేదు. గోపాలస్వామి మాట మీద నిలబడ్డాడు. ఆ కూలీలు బస్సులో ఎదురైనప్పుడల్లా, మొసలి ఆ పిల్లను పెళ్లికి అడిగిందా అని ధనమ్మను పట్టుకునేవాళ్లు. పక్కసీటులో అంకప్ప కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేవాడు.

"యాడ అడిగినాది తల్లీ," అనేది ధనమ్మ. "సున్నం తట్ట చేతిలో పెట్టుకోని అట్లే చూస్తా నిలబడిపోయినాది."