హీరోయిన్‌కి రాసిన చార్టు

రిటైర్మెంటుకి రెండేళ్ల ముందు నన్ను జూబ్లీహిల్స్‌లోని ఒక క్లినిక్‌లో సీనియర్ డైటీషియన్‌గా వేశారు. ఎవరు ఏం తినాలో, ఎంత తినాలో రాసిచ్చే పని. వచ్చేవాళ్లలో సగం మంది సినిమావాళ్లే. ప్రతి ఫైలులో వయసు, బరువు రాశాక ‘లక్ష్యం’ అని ఒక గడి ఉంటుంది. అందులో తగ్గాల్సిన కిలోలు మేమే వేసేవాళ్లం.

ఆ వేసవిలో రహమత్ నగర్ నుంచి సుజాత అనే గ్రూప్ డాన్సర్ వచ్చింది. నలభైకి దగ్గరపడిన మనిషి. రిహార్సల్లో కళ్లు తిరిగి పడిపోయిందట. అలవాటు కొద్దీ గడిలో ‘ఎనిమిది కిలోలు’ అని వేసి, ఏం తింటున్నారని అడిగాను. ఫోన్లో ఒక ఫొటో చూపించింది. చూస్తే నా చేతిరాతే! ఒక హీరోయిన్‌కి, పాట షూటింగుకి ముందు ఒక్క వారం కోసం రాసిన చార్టు అది. మేకప్ వాళ్ల నుంచి చేతులు మారి ఈమె దాకా వచ్చింది. పొద్దున సూపు, మధ్యాహ్నం గుడ్డు తెల్లసొన, రాత్రి కీరా ముక్కలు. ఈమె దాన్ని ఇరవై రోజులుగా పాటిస్తోంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పులిని చూసి నక్క వాతలు పెట్టుకోవడమంటే ఇదేనమ్మా అనేశాను.

ఆమె తల వంచుకుని, “మీరు రాసిందే గద మేడం. మంచిగనే ఉంటదనుకున్న” అంది.

ఫోన్ ఆమెకు తిరిగి ఇచ్చేశాను. అసలు ఎన్ని కిలోలు తగ్గాలనుకుంటున్నారని అడిగాను. కిలోల సంగతి తనకు తెలియదంది. గ్రూపు మొత్తానికి ఒకే కొలతతో రవికలు కుడతారట. హుక్కు పడనివాళ్లను వెనక వరసకు పంపుతారు, తర్వాత పిలవడమే మానేస్తారు. మూడు నెలల్లో ఒక పెద్ద పాట ఉంది.

“హుక్కు పడితే సాలు మేడం. నాకు ఇంకో పని రాదు.”

మర్నాడు సెలవు పెట్టి ఫిల్మ్ నగర్‌లోని రిహార్సల్ హాలుకి వెళ్లాను. ఆ చార్టు రాయించుకున్న హీరోయిన్‌కి వంటమనిషి ఉంది, మధ్యాహ్నం కునుకు ఉంది. సుజాత మాత్రం పొద్దున ఎనిమిది నుంచి రెండింటి దాకా గుక్కెడు సూపు మీదే ఆడింది. రెండింటికి ప్రొడక్షన్ భోజనం వచ్చింది. అందరూ వడ్డించుకుంటుంటే ఆమె తన చిన్న డబ్బా పట్టుకుని వెళ్లి మెట్ల మీద కూర్చుంది. ఆ డబ్బా చూసి నాకు ఏడుపొచ్చింది.

కొత్త చార్టు ఆ మెట్ల మీదే రాశాం. తన రోజు ఎలా గడుస్తుందో ఆమె చెబుతుంటే నేను రాశాను. బయల్దేరే ముందు జొన్నరొట్టె, కూర. ప్రొడక్షన్ భోజనంలో అన్నం సగం, పప్పు రెండింతలు. సాయంత్రం బజ్జీలు మాని ఉడికించిన శనగలు. చాయ్‌లో చక్కెర మానగలరా అంటే, “పొద్దుటి చాయ్‌ల జర ఉంచుండ్రి” అంది. ఉంచాను.

మూడు నెలలకు షూటింగ్ నుంచి నేరుగా, మేకప్ కూడా తీయకుండా వచ్చింది. తూకం చూస్తే తగ్గింది మూడు కిలోలే. నేను పెదవి విరిచేలోపే ఆమె అటు తిరిగి చున్నీ తొలగించింది. వీపున పాట రవిక హుక్కులన్నీ పడ్డాయి.

“ముందు వరసనే మేడం” అంది.

ఫైలు తెరిచి ‘ఎనిమిది కిలోలు’ కొట్టేసి, ‘హుక్కు’ అని రాశాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ గడి నేను నింపలేదు. వచ్చినవాళ్ల చేతికే పెన్ను ఇచ్చేదాన్ని.