కిటికీ దగ్గర రెండు ఎరుపులు

ప్రెస్సులో ఆయన్ని అందరూ రంగుల మేస్త్రి అనేవారు. కోపం వస్తే ఇంట్లో భార్య కూడా అలాగే పిలిచేది. ఏ పుస్తకం అట్ట అచ్చుకెళ్ళాలన్నా ముందు నమూనా కాగితం ఆయన చేతికి రావాలి. దాన్ని పట్టుకుని కిటికీ దగ్గరకు నడిచేవాడు. ట్యూబులైటు కింద రంగు చూసేవాడు ఆయన దృష్టిలో మనిషే కాదు. అసలు బొమ్మను పక్కన పెట్టి, కళ్ళు చికిలించి, "ఎరుపు ఇంకాస్త" అనో "కానివ్వండి" అనో అంటే ఇక యజమాని కూడా కిక్కురుమనేవాడు కాదు.

ఉద్యోగం మానేశాక కూడా ఆ ఒక్క పనికీ కబురు వచ్చేది. ఆ కబురే ఆయనకు ఊపిరి. అది రాకపోతే ఇంట్లోవాళ్ళను కాల్చుకు తినేవాడు.

అక్షరాలు ఆనడం లేదని విసుక్కుంటుంటే కూతురు ఇ-రీడర్, అదే పుస్తకాలు చదువుకునే పలక, కొనిస్తానంది. అక్కడ మొదలైంది రగడ.

"నలుపు తెలుపుది చాలు నాన్నా. మీరు చదివేది నవలలు. అక్షరాలకి రంగెందుకు?"

"అట్ట చూడకుండా పుస్తకం తెరుస్తామా? మొహం చూడకుండా మనిషితో మాట్లాడమన్నట్టుంది నీ వరస!"

"అట్ట చూసేది ఒక్క క్షణం. మామూలుగా చదువుకునేవాళ్ళు ఎవరూ దానికోసం అంత పోసి కొనరు."

"ఆ మామూలు వాళ్ళ కోసమే నేను జన్మంతా రంగులు చూశాను!"

"రంగుదే కొనివ్వవే తల్లీ, ఈయన పోరు పడలేను" అంది భార్య.

సరే, రంగుదే వచ్చింది. మేస్త్రి దర్జాగా కూర్చుని, ఒకప్పుడు తాను అచ్చువేయించిన పిల్లల కథల పుస్తకాన్నే అందులో తెరిపించాడు. అట్ట మీద ఎర్ర గౌను పిల్ల. చూడగానే మొహం ముడుచుకున్నాడు.

"ఇదేమిటే, ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా ఉంది?"

"ఈ తెరల్లో రంగు కాస్త వెలిసినట్టే ఉంటుందట. కొట్టువాడు ముందే చెప్పాడు."

"కాస్తా? అసలు ఎరుపే లేదు! ఉండు, చూపిస్తాను."

అలమరలోంచి కాగితం పుస్తకం తీసి, రెండింటినీ కిటికీ గట్టు మీద పక్కపక్కన పెట్టాడు. ప్రెస్సులో చేసినట్టే వంగి చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశాడు.

కూతురు తెచ్చిన కొత్త శాలువా కప్పుకుని భార్య కూడా వచ్చి తొంగిచూసింది. "పుస్తకంలో గౌను ఎంత నిగనిగలాడుతోందో! పలకలోది వెలవెలబోయింది. మీరే గెలిచారు లెండి."

మేస్త్రి ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి చూపు తిప్పాడు. ఆయన కళ్ళకు రెండూ ఒకే మట్టిరంగు.

కంటి నరం ఎండిపోతోందని, ముందు రంగులే పోతాయని, దానికి మందు లేదని డాక్టరు చెప్పినప్పుడు అదేదో పక్కవాడి సంగతన్నట్టు విని వచ్చాడు. ఇంట్లో చెప్పనే లేదు. కిందటిసారి ప్రెస్సులో "ఎరుపు ఇంకాస్త, ఇంకాస్త" అంటుంటే మిషన్ నడిపేవాడు యజమాని మొహం చూడటం ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ అట్ట మీద పిల్లల బుగ్గలు వాతలు పెట్టినట్టు వచ్చి ఉంటాయి. పాపం, ఆయన మీద గౌరవం కొద్దీ ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ తర్వాత కబురు రాలేదు. ఇక రాదు కూడా.

"సరే నాన్నా, మీ మాటే నిజం. వెనక్కిచ్చేసి ఇంకా మంచి రంగులున్నది చూస్తాను" అంది కూతురు.

"వద్దమ్మా. నలుపు తెలుపుదే పట్రా. చదువుకునేవాడికి రంగెందుకు?"

"హమ్మయ్య, దారికొచ్చారు!" కూతురు నవ్వుతూ పలకను పెట్టెలో సర్దడానికి లోపలికి పోయింది.

భార్య నవ్వలేదు. గట్టు మీది పుస్తకం చూపిస్తూ నెమ్మదిగా అడిగింది.

"ఈ గౌను ఏ రంగు?"

"ఎరుపు." ఆయన అచ్చువేయించిందే కదా, కళ్ళు మూసుకున్నా చెప్పగలడు.

"మరి ఈ శాలువా?"

మేస్త్రి చాలాసేపు చూశాడు. కిటికీలోంచి వెలుతురు కావలసినంత పడుతోంది.