డివైడర్ మీద జంతికలు

మా అత్తగారు పైడమ్మకి దేవుడు మోకాళ్ళు మాత్రమే అరగదీశాడు, నోటి జోలికి పోలేదు. రాయపూర్‌లో మా రైల్వే కాలనీ ముందు రోడ్డును నాలుగు లైన్లు చేసినప్పటి నుంచి ఆ నోటికి పని తగ్గింది. అవతలి పక్కనుండే బంగారమ్మ ఆవిడకు వరసకు వదిన. ముప్ఫై ఏళ్ళ స్నేహం. ఆరు నెలలుగా ఇద్దరూ చెరోపక్క నిలబడి చేతులూపుకోవడమే. "ఫోన్ చేసుకోండి అత్తయ్యా" అంటే, "పోన్లో మడిసి పక్కనుంటాదేటే?" అని నా మీదకు లేచేవారు.

ఇంతలో కబురొచ్చింది. జీబ్రా గీతలు మా గేటు ముందు వెయ్యాలా, అర కిలోమీటరు అవతల మాల్ ముందు వెయ్యాలా అని మంగళవారం కార్పొరేషన్ వాళ్ళు లెక్క తీస్తారట. ఎక్కడ ఎక్కువమంది దాటితే అక్కడే గీతలు. ఇంకేం, అత్తగారు కొంగు బిగించారు. ఇటు ఇరవైమంది తెలుగు ఆడవాళ్ళను పోగేశారు. మా ఆయన సూరిబాబు చేత బంగారమ్మకు చెప్పించి అటు ఇంకో ఇరవైమందిని సిద్ధం చేయించారు. "తలో పదిసార్లు దాటాల" అని ఆవిడ హుకుం.

మంగళవారం పొద్దున్న లెక్కలాయన మా గేటు పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఇటు మేం, అటు వాళ్ళు, చేతులు పట్టుకుని బయల్దేరాం. డివైడర్ దాకా అంతా సవ్యమే. అక్కడ వదినామరదళ్ళు ఎదురుపడ్డారు.

"ఏటొదినా, ఇలగ సిక్కిపోనావు?"

"కంటికి ఆపరేసనైందే. అటుపక్క నీ ముకం ఆనట్లేదని సేయించుకున్నాను."

అంతే, అత్తగారు డివైడర్ మీదే చతికిలబడి వదిన చెయ్యి పట్టుకున్నారు. సంచిలోంచి జంతికల డబ్బా తీశారు. అందరం చుట్టూ మూగాం, ఎవరి కబుర్లు వాళ్ళవి. "మాతాజీ, పార్ కీజియే" అని లెక్కలాయన దాటమని బతిమాలుతూనే ఉన్నాడు పాపం. వినేదెవరు? గంట గడిచింది. దాటింది ఒక్క పాలాయన.

నాకు ఒళ్ళు మండింది. "పోయాయి మీ గీతలు, మాల్ ముందుకే" అన్నాను. అత్తగారి మొహం వాడిపోయింది. అన్నందుకు నాకే ఏడుపొచ్చింది.

లెక్కలాయన మా దగ్గరికొచ్చి, ఒక జంతిక నములుతూ కాగితం చూపించాడు. 'దాటినవారు ఒకరు. దాటలేక నడిమధ్యన చిక్కుకున్న వృద్ధ మహిళలు నలభై ముగ్గురు' అని హిందీలో రాసి ఉంది. నన్నూ కలిపేశాడు. నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు.

నెల తిరక్కుండా గీతలు మా గేటు ముందే పడ్డాయి. ఆ పొద్దున్నే అత్తగారు దాటి వెళ్ళి బంగారమ్మ గుమ్మంలో కూర్చున్నారు. మాత్రలివ్వడానికీ, అన్నానికి పిలవడానికీ, రానంటే కేరియర్ తీసుకెళ్ళడానికీ పోనూ రానూ పదిసార్లు దాటింది నేనే. ఒక్కసారీ విసుగు రాలేదు.